తిరగలి మీద తెల్లకొమ్మ

రాజ్యం చేతులు వణుకుతున్నాయని ఫోనులో విన్నప్పుడు నాకు ముందుగా కలిగింది జాలి కాదు. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది కానీ, ఈ వయసులో సిగ్గుపడి దాచుకునేది ఇంకేముంది? రాజ్యం నా తోడికోడలు, మా మరిది భార్య. కొత్తపేటలో ఉంటుంది. "చెయ్యి నిలబడట్లేదక్కా. కటింగ్ ప్లేరు పట్టుకుంటే జారిపోతోందండీ. ఇంక చెట్టు పని నా వల్ల కాదు" అంది. నేను అయ్యో అన్నాను. డాక్టరుకి చూపించావా అని అడిగాను. ఈ మాటలన్నీ నోరు అంటున్నంతసేపూ మనసు మాత్రం ఒకటే అడుగుతోంది: మరి చెట్టు ఎవరికిస్తుంది? "ఒకసారి రండక్కా, చెట్టు సంగతి మాట్లాడుకుందాం" అనగానే ఆ శనివారమే వస్తానని మాటిచ్చేశాను. శనివారం వాడపల్లి వెంకన్న గుడికి వెళ్ళే జనంతో బస్సుల్లో కాలు పెట్టే సందుండదని తెలుసు. అయినా ఆగలేకపోయాను. అమలాపురం నుంచి కొత్తపేట దాకా నిలబడే వెళ్ళాను. దారి పొడుగునా నాకు మా అత్తవారింటి వసారా కనిపిస్తూనే ఉంది.

చెట్టంటే మూరెడు ఎత్తుది, పళ్ళెంలాంటి సిమెంటు తొట్టిలో ఉంటుంది. జునిపర్ అంటారు. దాన్ని మా ఇంటికి తెచ్చింది మా మావగారు. ఆయన కొబ్బరికాయల వ్యాపారి. కాయ దింపించడం, వలిపించడం, లారీకెత్తించి ఉత్తరాదికి పంపడం ఆయన పని. అప్పుడప్పుడు సరుకుతో తనూ వెళ్ళేవారు. అలా వెళ్ళినప్పుడొకసారి హిమాలయాల దారిలో కొండచరియ విరిగిపడి లారీ మూడు రోజులు ఆగిపోయిందట. ఎదురుగా బండ చీలికలో ఒక చెట్టు. చెయ్యడానికి వేరే పని లేక ఆ మూడు రోజులూ దాన్నే చూస్తూ కూర్చున్నారట. ఇంటికొచ్చాక మంచు గురించి గాని, గుళ్ళ గురించి గాని ఒక్క ముక్క చెప్పలేదు. ఒక్క శాలువా అయినా తేలేదని అత్తగారు బతికినంతకాలం సాధించారు. ఆయన చెప్పిందల్లా చెట్టు సంగతే. "సగం చచ్చింది, సగం బతికుంది. చచ్చిన సగం ఎముకలాగ తెల్లగా ఉంది. బతికిన సగం ఎవరితోనో పంతం పట్టినట్టు పచ్చగా ఉంది. గాలి ఎటు తోసిందో మొత్తం అటే ఒరిగిపోయింది. అలాటి చెట్టు మనింట్లో చెయ్యాలి" అనేవారు. నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చిన ఏడాది అది.

కోనసీమలో పుట్టినవాళ్ళకి అలాంటి చెట్టు ఊహకందదు. మా దగ్గర దడికి పాతిన కర్ర కూడా నాలుగు వానలు పడితే చిగురేస్తుంది. నేల ఎంత తవ్వినా ఒండ్రే గాని రాయి తగలదు. రాయి అంటే మాకు రుబ్బురోలు, సన్నికల్లు, తిరగలి, అంతే. నేనైతే మరీను. సఖినేటిపల్లి రేవు దగ్గర పెరిగినదాన్ని, పంటెక్కి గోదావరి దాటి నరసాపురం వెళ్ళి రావడమే నాకు పెద్ద ప్రయాణం. మావగారు కొండ కావాలన్నారు. కొండ ఎక్కణ్ణించి వస్తుంది? వెతగ్గా వెతగ్గా, పెరట్లో రెండు చెక్కలై పడున్న తిరగలి రాయి కళ్ళబడింది. అందులో ఒక చెక్కని తొట్టిలో ఏటవాలుగా నిలబెట్టి "ఇదే మన కొండ" అన్నారు. "నా పెళ్ళి పసుపు విసిరిన తిరగలండీ అది!" అని అత్తగారు లబలబలాడారు. మొక్క గోదావరి అవతల కడియం నర్సరీల నుంచి వచ్చింది. దాని పేరు ఎవరికీ నోరు తిరగలేదు. అత్తగారికి అది సరుగుడు పిల్ల, మావగారికి జూనీపరు. బోన్సాయ్ అనే మాట మా ఇంటికి చాలా ఆలస్యంగా, రంగుల టీవీతో పాటు వచ్చింది.

ఆయన నన్నెందుకు పిలిచారో చెప్పాలి. ఒకనాడు వసారాలో కూర్చుని అరటినారతో కనకాంబరాలు కడుతున్నాను. అటుగా వెళుతున్న మావగారు ఆగి చూశారు. "పెద్దమ్మాయ్, పువ్వు నలక్కుండా అంత బిగువుగా ఎలా చుడతావమ్మా?" అన్నారు. "అలవాటండీ మావయ్యగారూ" అన్నాను. "అయితే రా" అన్నారు. ఆ రెండు మాటలకి నేను పొంగిపోయిన పొంగు ఇప్పటికీ గుర్తే. మా పుట్టింట్లో మా నాన్న ఏ పనికీ నన్ను రమ్మని పిలవలేదు. చెరువు గట్టుకైనా, చేనుకైనా, బజారుకైనా అన్నయ్యనే పిలిచేవారు. నా చేతిలో ఒక పనితనం ఉందని చూసి నన్ను పిలిచిన మొదటి మనిషి మా మావగారు.

ఆ ఏడాది పొద్దులు నాకు వాసనలుగా గుర్తున్నాయి. అటక మీద కురిడీ కోసం ఎండుతున్న కాయల కమ్మటి మక్కిన వాసన, మావగారు వెలిగించకుండా చెవి మీద పెట్టుకు తిరిగే చుట్ట ఘాటు, కొబ్బరి పీచుడొక్కల పొగ. కాలిపోయిన మోటారు నుంచి లాగిన రాగితీగని ఆ డొక్కల మంటలో ఎర్రగా కాల్చి చల్లారిస్తే మెత్తబడేది. నేను తడిపిన అరటినార కొమ్మకి చుట్టేదాన్ని. నార మీద ఆయన తీగ చుట్టేవారు. తర్వాత ఒకరు మొదలు, ఒకరు కొస పట్టుకుని, రోజుకి వెంట్రుకవాసి చొప్పున వంచేవాళ్ళం. నార ఉంటే బెరడు చిట్లదు. స్నానం చేసి తడి తువ్వాలు భుజాన వేసుకుని, ఒక కన్ను మూసి ఆయన చెట్టుని చూసే చూపు ఎంతసేపైనా తెమిలేది కాదు. "ముందు గాలి ఎటో తేల్చుకోవాలి పెద్దమ్మాయ్. గాలి తెలీకుండా ఒక్క కొమ్మ కూడా వంచకూడదు" అనేవారు. మా వసారాకి ఒక పక్క వీధి, ఒక పక్క వంటిల్లు. వారం రోజులు ఆలోచించి, "ఈ చెట్టుకి గాలి వంటింటి వైపు నుంచి కొడుతుంది" అని తేల్చారు. అంచేత కొమ్మలన్నీ వీధి వైపు ఒరగాలి. వంటింటి వైపు ఒక్క పెద్దకొమ్మ మాత్రం గాలికి ఎదురు నిలబడాలి. ఆ ఎదురు నిలబడ్డదాని కొస చచ్చి తెల్లబడాలి. కొస మాత్రమే.

ఆ కొస బెరడు ఒలిచే రోజు వచ్చింది. మావగారు చాకు పదును పెట్టి నా చేతికిచ్చారు. అప్పుడు నాకు మూడో నెల. వంటింట్లోంచి అత్తగారు గరిటె పట్టుకునే పరుగెత్తుకొచ్చారు. "ఏవండీ, మతి గాని పోయిందా మీకు? కడుపుతో ఉన్న పిల్ల పచ్చని చెట్టుకి కత్తి పెట్టొచ్చా? కొబ్బరికాయే కొట్టనివ్వం కదండీ!" అన్నారు. ఆవిడ మాట దేనికీ వినని మనిషి, దీనికి విన్నారు. చాకు నా చేతిలోంచి మెల్లిగా తీసుకున్నారు. "పోనీ చిన్నమ్మాయిని రమ్మనండి" అన్నారు అత్తగారు. రాజ్యం ద్రాక్షారామం నుంచి మా ఇంటికి కోడలిగా వచ్చి అప్పటికి నెల కాలేదు. చేతులు చెంగుకి తుడుచుకుంటూ వచ్చి, "ఆయ్, చెప్పండి మావయ్యగారూ" అని కింద కూర్చుంది. ఎందుకు, ఏమిటి అని అడగలేదు. చాకు పెట్టి లాగింది. బెరడు ఎక్కడా తెగకుండా ఒక్క రిబ్బనులా వచ్చేసింది. "చెయ్యంటే ఇదీ!" అన్నారు మావగారు. నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను. ఆ రోజు పప్పు మాడింది. వేవిళ్ళ మనిషి కదా అని ఎవరూ ఏమీ అనలేదు.

పురిటికి పుట్టింటికి వెళ్ళి, పిల్లాడికి అయిదో నెల వచ్చాక తిరిగొచ్చాను. చంకలో పిల్లాడు, కళ్ళు మాత్రం వసారా మీద. నేను చుట్టిన నార ఒక్క పోగు కూడా లేదు. నేను కిందికి దించిన కొమ్మని పైకి లేపారు. తొట్టి పక్కన చిన్నపీట మీద, నేను కూర్చునే చోట, రాజ్యం కూర్చునుంది. రెండు రోజులు ఓపిక పట్టి, "మావయ్యగారూ, నేనిప్పుడు చెయ్యొచ్చండి" అన్నాను. "నీకు పిల్లాడున్నాడు కదమ్మా. చెట్టు చిన్నమ్మాయి చూసుకుంటోందిలే" అన్నారు. ప్రేమగానే అన్నారు. అదే నా మంట. ఇంటికి మొదటి మనవణ్ణిచ్చానని ఊరంతా నన్ను మెచ్చుకుంటోంది. పిల్లాణ్ణిచ్చి చెట్టు తీసుకోమంటే తీసుకునేదాన్ని కాదు, అంత పిచ్చి లేదు. కానీ రెండూ నావి ఎందుకు కాకూడదో నాకు అర్థం కాలేదు. రోజుకి ఆయన ఎన్నిసార్లు చిన్నమ్మాయ్ అని పిలుస్తారో, ఎన్నిసార్లు పెద్దమ్మాయ్ అంటారో లెక్కపెట్టడం మొదలుపెట్టాను. చిన్నమ్మాయిని పిలిస్తే చెట్టు కోసం. నన్ను పిలిస్తే కాఫీ కోసం. రాజ్యం నన్ను పల్లెత్తు మాట అనేది కాదు. అనుంటే ఎంత బాగుండేదో, పోట్లాడి తేల్చుకునేదాన్ని.

ఇప్పుడు నేను చేసిన పని. మా వైపు ఆడవాళ్ళు మొక్కకి చెయ్యగల పెద్ద ఉపకారం బియ్యం కడుగు పొయ్యడం. అప్పటి దంపుడు బియ్యం కడిగితే నీళ్ళు పాలలా చిక్కగా వచ్చేవి, అవి తాగి పెరట్లో ఆనపపాదు ఇల్లెక్కేసేది. మధ్యాహ్నం భోజనాలయి అందరూ కునుకు తీసే వేళ, పొద్దుటి కడుగు పులిసిపోయి ఉంటే, ఒక చెంబుడు తెచ్చి ఆ తొట్టిలో పోసేదాన్ని. చెట్టుని చంపాలని కాదు, ఒట్టు. అది బలవాలి. మా ఊరి మొక్కలాగ గుబురుగా, నున్నగా, బుగ్గలొచ్చి కూర్చోవాలి. రాజ్యం చేతిలో పడి కొండచెట్టు కాస్తా పెరటిమొక్క అయిపోయిందని మావగారు విసుక్కోవాలి. అంతే నాక్కావలసింది. వీధి వైపు ఆయన మడతకుర్చీలో పడుకునుండేవారు కనక అటు వెళ్ళే వీలు లేదు. వంటింటి గడప మీద నిలబడి, చెయ్యి చాపి, ఎప్పుడూ ఆ ఒక్క వైపే పోసేదాన్ని. వానాకాలం మొత్తం పోశాను. పైన వాన, కింద నా చెంబు.

ముందు నేననుకున్నట్టే అయింది. చెట్టు లేత చిగుళ్ళు వేసి గుబురెక్కింది. "ఇదేంటి, కొండెక్కమంటే ఇది విందుకి కూర్చుంది" అని మావగారు నొసలు చిట్లించారు. నాకు రెండు రోజులు కడుపు నిండిపోయింది. తర్వాత వంటింటి వైపు పెద్దకొమ్మ పసుపు తిరిగింది. ఇంకో పది రోజులకి గోధుమరంగు. ముట్టుకుంటే రాలిపోతోంది. ఇలాంటి చెట్టుకి ఒక్కో వేరు ఒక్కో కొమ్మకే కూడు పెడుతుందట, అటువైపు వేరు కుళ్ళిపోయింది. మావగారు మట్టి తవ్వి చూస్తుంటే నేను తలుపు చాటున పిల్లాణ్ణి జోకొడుతూ నిలబడ్డాను. "ఎవరు పోసేరిన్ని నీళ్ళు?" అన్నారాయన. రాజ్యం తల వంచుకుని, "నేనేనండి మావయ్యగారూ. లెక్క తెలీక ఎక్కువ పోసేను. తప్పు నాదేనండి" అంది. నంగనాచి అనుకున్నాను నేను. చెయ్యని తప్పు ఒప్పుకుని మంచిదనిపించుకుందామని చూస్తోంది అనుకున్నాను. అప్పుడు నాకు అంతకన్నా బుద్ధి లేదు.

నాలుగు రోజులు మావగారు ఆ కొమ్మని ముట్టుకోలేదు. మడతకుర్చీ జరుపుకుని దాని ముందే కూర్చున్నారు. అయిదో రోజు చాకు తీసుకుని, చచ్చిన కొమ్మ బెరడు మొత్తం ఒలిచారు. కొమ్మతో ఆగలేదు, దాని వెంట మానులో చచ్చిన మేర కూడా వేరు దాకా ఒలుచుకుంటూ పోయారు. తమలపాకుల సున్నం నీళ్ళలో కలిపి పూశారు. ఆరాక చూస్తే, తిరగలి రాయి పక్కన, పచ్చని చెట్టు ఒంట్లోంచి ఒక తెల్లటి చార మెలి తిరిగి పైకి లేచి, గాలికి ఎదురుగా చెయ్యి చాపినట్టు ఉంది. ఆయన ఒక కన్ను మూసి చూశారు. తర్వాత, "ఇదేనమ్మా. ఆ మూడు రోజులూ నేను చూసింది ఇదే" అన్నారు. కళ్ళు తుడుచుకున్నారు. "గాలి ఎటు నుంచి కొట్టిందో సరిగ్గా అటే చచ్చింది, చూసేవా చిన్నమ్మాయ్? నేను కొస చాలనుకున్నాను. నీ చెయ్యి మొత్తం చేసింది." రాజ్యం "నేనేం చెయ్యలేదండీ" అంది. అందరూ అణకువ అనుకున్నారు. ఆ ఇంట్లో ఆ మాట అక్షరాలా నిజమని తెలిసినదాన్ని నేనొక్కదాన్నే అనుకునేదాన్ని.

అప్పటి నుంచి కాయల బేరానికి ఎవరొచ్చినా ముందు వసారాలోకి తీసుకెళ్ళేవారు. "ఆ ఎండుకొమ్మ మా చిన్నకోడలి పనితనవండీ" అనేవారు. అదే సమయానికి నేను కాఫీలు తెచ్చేదాన్ని. వచ్చినవాళ్ళు అబ్బో అనేవారు. ఆ అబ్బో నాది. నాది అని చెప్పాలంటే ఏం చేశానో చెప్పాలి. చెప్పకపోతే మెప్పు రాజ్యానికి పోతుంది. ఇలా ఎన్ని కాఫీలు ఇచ్చానో. మావగారు పోయాక వాటాలు పంచుకున్నప్పుడు, చెట్టు ఎవరికన్న ప్రశ్నే రాలేదు, రాజ్యం సామానుతో పాటు దాన్నీ బండెక్కించేశారు. నాకు తిరగలి రెండో చెక్క వచ్చింది. తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టుకున్నాను.

కొత్తపేటలో రాజ్యం ఇంటి మేడ మీద చెట్టు అలాగే ఉంది. మాను లావెక్కింది, తెల్లచార ఇంకా తెల్లబడింది. ఈ మధ్య ఫోనులో ఇలాంటివి బోలెడు చూస్తున్నాను, చెట్టుని గంటలో వంచేసి చప్పట్లు కొట్టించుకుంటున్నారు. మేం ఒక కొమ్మకి ఒక ఋతువు ఇచ్చేవాళ్ళం. ఇప్పుడు బియ్యం కూడా సంచీలోంచి మెరుస్తూ వస్తున్నాయి, కడిగితే నీళ్ళు తెల్లబడనే తెల్లబడవు. తోడికోడళ్ళం తలొక ఊళ్ళో ఉండి, ఒకరి స్టేటస్సు ఒకరు చూసి కుళ్ళుకుంటున్నాం. ఒకే పొయ్యి దగ్గర నిలబడి కుళ్ళుకున్నప్పుడు, కనీసం ఆ మనిషి చేతి వంట తినేవాళ్ళం. రాజ్యం తెచ్చిన కాఫీ సాసరులో ఒలికింది. ఆ వేళ్ళ వంక చూడలేకపోయాను. "ఇదిగో ఈ తీగ బెరడులోకి దిగిపోతోందక్కా. కొంచెం కత్తిరించి పెడతారా?" అని ప్లేరు నా చేతికిచ్చింది. మావగారి ప్లేరే. పిడి మీది ఎర్ర ప్లాస్టిక్కు అరిగిపోయింది. చిన్నపీట జరుపుకుని కూర్చున్నాను. తీగ ఒక్కో చుట్టూ తెంపుతుంటే రాజ్యం నా చేతులే చూస్తోంది. "నార చుట్టడం పెద్దమ్మాయికే వచ్చు అనేవారండీ మావయ్యగారు. నేను చుట్టినప్పుడల్లా విప్పించేసేవారు. నాకు ఏడుపొచ్చేది" అంది నవ్వుతూ. ఇన్నేళ్ళూ ఆ మాట నాకు ఎవరైనా చెబితే ఏం పోయేదని కోపం వచ్చింది. అంతలోనే, వినడం ఎంత బాగుందో కూడా తెలిసింది.

"పట్టుకెళ్ళండక్కా. మీ దగ్గరుంటేనే బాగుంటుంది" అంది. వద్దని ఒక్కసారైనా అనాలి, మర్యాద అది. నేను అనలేదు. తొట్టిని ఆటోలో నా కాళ్ళ దగ్గర పెట్టించి, అటూ ఇటూ గుడ్డలు దోపించింది. ఆటో కదలబోతుంటే, నా వైపు వంగి, వణికే చేత్తో నా మోకాలు పట్టుకుంది. "అక్కా, ఒక్క మాటండీ. బియ్యం కడుగు మాత్రం పొయ్యకండేం" అంది.

అమలాపురం దాకా నాకు రోడ్డు కనిపించలేదు. రాజ్యానికి మొదటి నుంచీ తెలుసు. పులిసిన వాసనకి తెలిసుంటుంది, మట్టిలో పడ్డ నూకలు చూసుంటుంది. చూసి, మావగారి కళ్ళ పడకుండా ఏరేసి, తప్పు నాదేనండి అంది. ఆ తర్వాత ఇన్నేళ్ళు నేనిచ్చిన కాఫీలు తాగింది, నా పిల్లాణ్ణి ఎత్తుకుంది. నాకు పశ్చాత్తాపం కలగాలి. కలిగింది, కాదనను. కానీ దానికన్నా ఒక అడుగు ముందే వచ్చింది మళ్ళీ ఆ పాత కుళ్ళే: ఓర్చుకోవడంలో కూడా ఇది నాకంటే ముందే ఉంది!

చెట్టు ఇప్పుడు మా వంటింటి వెనక బాల్కనీలో ఉంది. మొన్న పక్కింటావిడ వచ్చి, తెల్లకొమ్మ మీద వేలు పెట్టి, "ఎంత బాగుందండీ! ఎవరు చేసేరిది?" అంది. మా తోడికోడలు అన్నాను. అలవాటైపోయింది. ఆవిడ వెళ్ళిపోయాక పీట వేసుకుని దాని ముందు చాలాసేపు కూర్చున్నాను. మావగారు మొదటి రోజుల్లోనే తేల్చి చెప్పారు, ఈ చెట్టుకి గాలి వంటింటి వైపు నుంచి కొడుతుందని. ఆ గాలిని నేను.